‘వస్త’ మీద ఎర్రగీత

కొత్తవాడ, వరంగల్
18 జూన్ 1978

భాస్కర్‌కు,

దీవెనలు చివర రాస్తాను. ముందు తప్పులు.

నీ ఉత్తరం కింద రాసిన పది లైన్ల ఇంగ్లీషును ఎర్రసిరాతో దిద్ది, ఆ కాగితాన్నే ఈ కవర్లో తిప్పి పంపుతున్నాను. ముప్పైరెండేళ్లు ఆడపిల్లల బడిలో ఇంగ్లీషు చెప్పినదాన్ని. దిద్దిన పుస్తకం రాసినవాళ్లకే చేరాలి. నా పెట్టెలో దాచుకుంటే నీకేం లాభం? ఇక మీదట ఇదే పద్ధతి. పైన తెలుగులో ముచ్చట్లు, కింద ఇంగ్లీషులో పది లైన్లు. నేను దిద్ది పంపుతాను, నువ్వు దాచుకుని చదువుకుంటావు.

బి.ఏ.లో అన్ని పేపర్లూ గట్టెక్కి ఇంగ్లీషు ఒక్కటే మూడుసార్లు తప్పావు. ఇంగ్లీషు టీచరమ్మ మనవడికి ఇంగ్లీషే రాలేదని పక్కింటి రాములవ్వ వాడంతా చెప్పి వచ్చింది. "ఆమె తిట్లన్నీ తెలుగుల తిడ్తది గద, పోరనికి ఇంగిలీసు ఎట్లస్తది" అన్నదట. మాటలో న్యాయం ఉంది కాబట్టి ఊరుకున్నాను.

సాంచెల, అదే మీ కరెంటు మగ్గాల, మోతలో ఒకరి మాట ఒకరం ‘లిజన్’ చేయలేమని రాశావు. మాట దానంతట అది చెవిన పడితే హియర్. మనం చెవి పెట్టి వింటే లిజన్. మీ షెడ్డులో మాట చెవినే పడదు గదా, కాబట్టి హియర్.

చివర సెలవు తీసుకుంటూ ‘అయామ్ కమింగ్’ అని రాశావు. ఉత్తరం ముగించి షిఫ్టుకు పోతున్నవాడివి, ఎక్కడికి కమింగ్? కొట్టేసి ‘గోయింగ్’ అని రాశాను. నువ్వు బయలుదేరిన రోజు గడపలో నిలబడి "వస్త నాయనమ్మా" అన్నప్పుడే చెప్పాను, "పోతున్న అను, ఇంగ్లీషు ఎట్లాగూ రాదు, తెలుగన్నా సరిగ్గా మాట్లాడు" అని. అప్పుడు కోపంలో అన్నాను. ఇప్పుడు కోపం లేదు. తప్పు మాత్రం తప్పే.

మీ నాయన మగ్గం గుంటలో కూర్చుని దగ్గి దగ్గి పోయాడు. నువ్వు ఆ నూలు దుమ్ములోకి పోకూడదనే చదివించాను. నువ్వు మగ్గం వదిలి, బొంబాయి దిక్కు పోయి సాంచె పట్టావు. మార్చిలో మళ్లీ పరీక్ష ఉంది. ఆ ఒక్క పేపరు పాసైతే ఏదో ఒక బడిలో పంతులువై ఇంటికి వస్తావు. నాకు కావలసింది అంతే.

దీవెనలు.
నాయనమ్మ, విమలమ్మ


భివండి
9 జులై 1978

నాయనమ్మకు భాస్కర్ దండాలు.

దిద్దిన కాగితం ముట్టింది. దాన్ని చూసి యాకయ్య "మీ నాయనమ్మ కోడిని కోసుకుంట రాసిందా ఏంది?" అన్నడు. యాకయ్య అంటే నర్సంపేట దిక్కు పిలగాడు, ఏడో తరగతి దాక చదివి నాగలి పట్టిండు, ఇప్పుడు నా పక్క సాంచె వానిది. గదిల మేం పన్నెండు మందిమి. ఆరుగురం పనిల ఉంటే ఆరుగురం పండుకుంటం. చాపలు ఎన్నడూ చల్లబడయి. నీ ఎర్ర కాగితం అందరం చదివినం. హియర్, లిజన్ అని ఒకలనొకలు తిట్టుకుంటాన్రు.

కమింగ్ సంగతి మాత్రం నేను ఒప్పుకోను. మనింట్ల గడప దాటుతూ ఎవలన్న "పోత" అంటరా? నాయన సుత దవాఖానకు పోయేనాడు "వస్తనే అమ్మా" అనే అన్నడు. రాలే గద అంటవేమో. రాలే. కని అన్నడు. ఇంగ్లీషోనికి ఇల్లు లేదా, గడప లేదా? నువ్వు ఎన్నిసార్లన్న కొట్టెయ్యి, నేను కమింగ్ అనే రాస్త. పరీక్షల మాత్రం గోయింగ్ అని రాస్తగని, నీకు రాయ.

ఫికర్ చెయ్యకు. పుస్తకాలు నెత్తికిందనే ఉన్నయి. దిండు లేదు గద, అందుకని.

భాస్కర్


కొత్తవాడ, వరంగల్
22 అక్టోబర్ 1978

భాస్కర్‌కు,

ఇంగ్లీషువాడికి గడప ఉంది. దాన్ని దాటేటప్పుడు వాడు నిజం చెబుతాడు, మనం అబద్ధం చెప్పి దాటుతాం. తేడా అంతే. నీ నాలుగు ఉత్తరాల్లోనూ నాలుగు కమింగులు కొట్టేశాను. నా సిరాబుడ్డి పెద్దదే, నువ్వు అలసిపోతావు.

ఈసారి పెద్ద తప్పు ఒకటి. నెల నుంచి ‘కంటిన్యువస్ కాఫ్’ ఉందని రాశావు. మధ్య మధ్య ఆగుతూ మళ్లీ మళ్లీ వచ్చేది కంటిన్యువల్. ఒక్క క్షణం కూడా ఆగనిది కంటిన్యువస్. వాన ఆగి ఆగి పడితే కంటిన్యువల్, కాలువలో నీళ్లు పారితే కంటిన్యువస్. నువ్వు నిద్రపోతున్నావు గదా, నిద్రలో దగ్గు ఆగుతుంది గదా? అయితే కంటిన్యువల్. ఈ రెండూ పరీక్షలో తప్పకుండా అడుగుతారు.

రాములవ్వ "పిలగాడు ఎట్లున్నడు" అని అడిగింది. "మెరుగవుతున్నాడు, స్పెల్లింగులు కుదిరాయి" అన్నాను. "నేను పానం సంగతి అడిగిన" అంది. దానికి అన్నీ వంకర ప్రశ్నలే.

దీవెనలు.
నాయనమ్మ


భివండి
14 జనవరి 1979

నాయనమ్మకు దండాలు.

రాత చూసి పరేషాన్ కాకు. చెప్పేది నేను, రాసేది యాకయ్య. సాంచె నాడె ఎగిరి వచ్చి కుడిచెయ్యి మీద పడ్డది. రెండు వేళ్లకు కట్టు కట్టిన్రు. నాడె అంటే ఏందో నీకు చెప్పే పని లేదు, మనింట్ల మగ్గం మీద అది నూలు మోసుకుంట అటూ ఇటూ పిల్లిలెక్క నడుస్తది. ఇక్కడ తుపాకీ గుండులెక్క వస్తది. కింద ఇంగ్లీషు సుత నేను చెప్పంగ యాకయ్యనే రాసిండు. తప్పులల్ల నాయి ఏవో, వానియి ఏవో నువ్వే పోల్చుకో.

దగ్గు సంగతి. నిద్రల సుత దగ్గుతానవ్ అని యాకయ్య సాక్ష్యం చెప్తాండు. గదిల ఇంకో నలుగురిని సుత పిలిపించుమంటవా? కాబట్టి కంటిన్యువస్సే. ఈ ఒక్కదాంట్ల నేనే గెలిచిన, ఒప్పుకో.

మార్చి పరీక్ష ఈ చేత్తోని రాయలేను. సెప్టెంబర్ల రాస్త. కోపం జేయకు.

అయామ్ కమింగ్.
భాస్కర్


కొత్తవాడ, వరంగల్
4 ఫిబ్రవరి 1979

భాస్కర్‌కు,

‘మై హ్యాండ్ ఈజ్ వూండెడ్’ అని రాయించావు. యుద్ధంలో కత్తి వల్లో తుపాకీ వల్లో తగిలితే వూండెడ్. యంత్రం వల్ల, ప్రమాదం వల్ల తగిలితే ఇంజూర్డ్. సిపాయి వూండెడ్, కూలివాడు ఇంజూర్డ్. దిద్దాను.

సెప్టెంబర్ అంటే సెప్టెంబర్. ఇంకో సాకు రాయించకు. యాకయ్యకు చెప్పు, అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి, మా బడిలో చదివి ఉంటే ఏడో తరగతితో ఆపనిచ్చేదాన్ని కాదు.

కట్టు రోజు విడిచి రోజు మార్పించుకో. వేళ్లు వంగుతున్నాయా లేదా రాయి.

దీవెనలు.
నాయనమ్మ


భివండి
20 మే 1979

నాయనమ్మా,

నువ్వు షెడ్డు చూడలే. చూస్తే ఇంజూర్డ్ అనవు. నలభై సాంచెలు ఒక్కపారి మోగుతయి, కిటికీలు మూసుంటయి, గాలి తగిల్తే నూలు తెగుతదని. తెల్లగ దుమ్ము లేస్తది, ఎదుటోని మొఖం కనవడది. ఇది యుద్ధం గాకుంటే ఏంది? సిపాయికి జీతంతోని ఛాతికి పెట్టుకునే బిళ్లలిస్తరు, మాకు బిళ్లలు ఉండయి, గంతే తేడా. వూండెడ్ అనే ఉండనీ.

షెడ్డుల నూలు వాసన వస్తే నాయన యాదికొస్తడు. దాన్ని ఇంగ్లీషుల ‘ఇట్ రిమెంబర్స్ మీ ఫాదర్’ అని రాయించిన. అది తప్పని నాకు ఎరుకే. కావాలనే రాయించిన, దిద్దేటిది ఉంటే నీకు తినబుద్ధి అయితది గద.

వేళ్లు వంగుతలేవు. కొంచెం జరం. యాకయ్య అలసిపోయిండట, చాలు అంటాండు. అలసింది వాడు కాదు.

అయామ్ కమింగ్. కొట్టెయ్యి. మళ్లీ రాస్త.

భాస్కర్


కొత్తవాడ, వరంగల్
8 జులై 1979

భాస్కర్‌కు,

యాదికి తెచ్చేది రిమైండ్, యాదిపెట్టుకునేది రిమెంబర్. నూలు వాసన నీకు రిమైండ్ చేస్తుంది, నువ్వు రిమెంబర్ చేస్తావు. తెలిసి చేసిన తప్పుకు మార్కులు రెట్టింపు కోస్తాను.

‘ఐ విష్ ఐ పాస్’ అని రాయించావు. జరగదని తెలిసి కోరుకునేది విష్. జరుగుతుందనుకుంటూ కోరుకునేది హోప్. కొట్టేసి హోప్ అని పెట్టాను.

హాల్ టికెట్ వచ్చింది. పరీక్ష సెప్టెంబర్ పదకొండు. మీ నాయన మగ్గం గుంట పూడిపించి, దాని మీద నీకు బల్ల వేయించాను. కిటికీ పక్కనే, వెలుతురు బాగుంటుంది. నా కళ్లకు పొర కమ్మింది, ఈ మధ్య గీతలు వంకర పోతున్నాయి, అంతకన్నా విశేషం ఏమీ లేదు. పదో తారీఖుకల్లా ఇంట్లో ఉండాలి.

కమింగ్ కొట్టేశాను. గోయింగ్.

దీవెనలు.
నాయనమ్మ


భివండి
25 సెప్టెంబర్ 1979

నాయనమ్మ గారికి నమస్కారాలు.

మీరు దిద్దిన కాగితం అందింది. అన్నీ మీరు చెప్పినట్టే నేర్చుకున్నాను. రిమైండ్, రిమెంబర్ తేడా తెలిసింది. యంత్రం వల్ల తగిలితే ఇంజూర్డ్ అనే మాట నిజమే. దగ్గు కంటిన్యువల్ అన్నదీ నిజమే. ఇప్పుడు దగ్గు లేదు.

సేటు సెలవు ఇయ్యనందుకు పరీక్షకు రాలేకపోయాను. క్షమించండి. నేను బాగున్నాను. మీరు కళ్లు చూపించుకోండి.

అయామ్ గోయింగ్.

భాస్కర్


కొత్తవాడ, వరంగల్
14 అక్టోబర్ 1979

భాస్కర్‌కు,

పరీక్షనాడు బల్ల తుడిచి, కలంలో సిరా పోసి పెట్టాను. మధ్యాహ్నం దాకా ఉండి తీసేశాను. దాని గురించి ఇంకేమీ అనను.

ఏడాదికి పైగా దిద్దిన తర్వాత నువ్వు ‘గోయింగ్’ అని రాశావు. గెలిచాను. రాములవ్వకు చెప్పాను. "గెలిస్తే మొఖం గట్లెందుకున్నది?" అంది. ఆ రోజు అన్నం సయించలేదు, ఎందుకో తెలియదు.

నువ్వు నన్ను "మీరు" అని ఎప్పటి నుంచి అంటున్నావురా?

పది లైన్లలో నీ పాత తప్పులే దిద్దాను, కొత్తది ఒకటే ఉంది. ‘ఇంజూర్డ్’ కొట్టేసి ‘వూండెడ్’ అని రాశాను. సాంచె వల్ల తగిలితే వూండెడ్ అనాలి. ఇంజూర్డ్ అనకూడదు. నేర్చుకో.

వెంటనే జవాబు రాయి.

నాయనమ్మ


భివండి
11 నవంబర్ 1979

నాయనమ్మకు నమస్కారాలు.

మర్యాద కోసం మీరు అన్నాను. ఇక నువ్వు అనే అంటాను.

నువ్వు దిద్దింది సరిగ్గా ఉంది. సాంచె వల్ల తగిలితే వూండెడ్. ఇరవైసార్లు రాసి నేర్చుకున్నాను. ఇంకా తప్పులు ఉంటే దిద్ది పంపు.

అయామ్ గోయింగ్.

భాస్కర్


కొత్తవాడ, వరంగల్
2 డిసెంబర్ 1979

యాకయ్యకు,

కిందటిసారి నేను కావాలనే తప్పును ఒప్పని దిద్దాను. ఫిబ్రవరిలో ఇంజూర్డ్ అన్నది నేనే, అక్టోబర్‌లో కాదన్నదీ నేనే. మా భాస్కర్ అయితే ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, పన్నెండు మందిని పిలిచి, "చూడున్రి, మా నాయనమ్మ ఫెయిలయ్యింది" అని గదంతా ఎగిరేవాడు. నాకు నాలుగు పేజీలు రాయించేవాడు. నువ్వు ఇరవైసార్లు రాసి నేర్చుకున్నావు. నువ్వు మంచి విద్యార్థివి. వాడు కాదు.

వాడి చేతిరాతతో పోల్చి చూద్దామని పెట్టె తీశాను. పెట్టెలో ఒక్క కాగితం కూడా లేదు. అన్నీ దిద్ది మీకే పంపాను గదా. వాడు రాసినవన్నీ నీ దగ్గరే ఉన్నాయి. అందుకే ఏ తప్పు ఎక్కడ చేయాలో నీకు తెలిసింది.

నేను అరవై నాలుగేళ్ల మనిషిని. మొగుణ్ని పంపాను, కొడుకును పంపాను. ఉన్నమాట రాయి. తెలుగులో రాయి. దిద్దను.

భాస్కర్ ఎక్కడ?

విమలమ్మ


భివండి
6 జనవరి 1980

అమ్మా, దండాలు. నేను యాకయ్యను.

నాలుగుసార్లు రాసి చించిన. ఇది ఐదోది.

భాస్కర్ ఆగస్టు పద్నాలుగు నాడు పోయిండు. సర్కారు దవాఖానల. ఊపిరితిత్తులు ఖరాబైనయని చెప్పిన్రు. వైశాఖం నుంచే నెత్తురు పడ్డది, నీకు రాయొద్దని ఒట్టు వేయించుకున్నడు. "మా నాయన సుత గిట్లనే పోయిండు, ఆమెకు ఈ ముచ్చట మళ్లీ చదివించుడెందుకు" అన్నడు. గదిలున్నోళ్లమే మోసినం. షెడ్డుకు ఒక్క పూట తాళం పడలే అమ్మా, వాని సాంచె మీద ఆ పొద్దే ఇంకోడు నిలబడ్డడు.

ఆఖరు దినం "నాయనమ్మకు ఉత్తరం ఆగొద్దు" అన్నడు. "నేనేం రాయాలె భాయ్?" అన్న. "తప్పులు రాయి. ఆమెకు పని ఉంటది" అన్నడు. నవ్విండు, దగ్గొచ్చింది. ఇగ మాట్లాడలే.

నువ్వు దిద్దినయన్ని ముంగట వేసుకుని రాసిన. వానిలెక్క కొట్లాడుడు నాకు రాలే. నువ్వు చెప్పింది తప్పని నేనెట్ల అంట? నా బతుకుల నాకు ఎవ్వలు ఏదీ దిద్ది చెప్పలే. ఎర్ర కాగితం వస్తే గదిల అందరం చదువుకునేది. అది ఆగొద్దని నాకు సుత ఆశ ఉండె. అబద్ధమెందుకు, ఉండె.

కమింగ్ అని రాయాలెనని మాత్రం ఎరుకే. వాడు ఎన్నడూ విడువలే గద. రాయబోయిన. చెయ్యి ఆడలే. కాల్చి వచ్చినోన్ని వస్తాండని ఎట్ల రాయాలె అమ్మా? అన్ని అబద్ధాలు రాసిన, గది ఒక్కటి రాయలేకపోయిన.

కట్టంత పంపుతాన. ఒక్కటి సుత ఉంచుకోలే.

యాకయ్య


కొత్తవాడ, వరంగల్
3 ఫిబ్రవరి 1980

యాకయ్యకు,

కట్ట ముట్టింది.

వాడి చేతిరాతతో ఏడు ఉత్తరాలు ఉన్నాయి. ఏడింటి చివరా వాడు వస్తానన్నాడు. ఏడుసార్లూ నేను పొమ్మన్నాను. నువ్వు రాసిపెట్టిన వాటిలోనూ అంతే. ఎర్రసిరాలో, గుండ్రంగా, పిల్లలు పోల్చుకునేటట్టు రాశాను.

దగ్గు అని రాసిన కాగితం చూశాను. కంటిన్యువల్ కింద రెండు గీతలు గీశాను. ఇప్పుడు చెబుతున్నాను, ఆ మాట చదివినప్పుడే అది ఏ దగ్గో నాకు తెలిసింది. వాళ్ల నాయన దగ్గు ఆరేళ్లు ఈ గోడల మధ్య విన్నదాన్ని. భయమేస్తే కొందరు ఏడుస్తారు, కొందరు దేవుడికి మొక్కుతారు. నేను దిద్దుతాను. ఆనాడు కలం పక్కన పడేసి టేషన్‌కు పోయి బొంబాయి బండి ఎక్కవలసింది. వాన, కాలువ అని ఉదాహరణలు రాస్తూ కూర్చున్నాను. బాగా కుదిరాయి కూడా.

వాడు నెత్తురు దాచాడు, నేను భయం దాచాను. ఇద్దరం ఇంగ్లీషు మాట్లాడుకున్నాం.

రాములవ్వకు చెప్పాను. వచ్చి ఆ బల్ల పక్కన కింద కూర్చుంది. పొద్దు గూకేదాకా ఉండి లేచి, గడప దగ్గర ఆగి, "వస్తనే విమలమ్మా" అని పోయింది.

నీ ఉత్తరం తిప్పి పంపడం లేదు. అది నా దగ్గరే ఉంటుంది. తప్పులు ఉన్నాయి, ఉండనీ. నిన్ను తప్పుపట్టడానికి నాకు నోరు లేదు. నాలుగు నెలలు నాకు పని ఇచ్చావు.

నీకు దగ్గు ఉందా? ఉంటే ఎట్లా ఉందో రాయకు. సాంచె వదిలి ఊరి బండి ఎక్కు. ఎక్కవని నాకు తెలుసు. ఊళ్లో ఏముందని వస్తావు? అయినా రాస్తున్నాను.

ఇంకొక పని చేశాను. అది కూడా నీకే చెప్పాలి, ఇంకెవరికి తెలుస్తుంది? బడిలో పిల్లలు ప్రోగ్రెస్ కార్డు మీద ఎర్రసిరాను బ్లేడుతో గీకేవాళ్లు. ఎంతమందిని పట్టుకున్నానో, ఎంతమంది చేతుల మీద కొట్టానో. నిన్న పొద్దున కిటికీ దగ్గర వాడి మొదటి ఉత్తరం పరిచి, కొత్త బ్లేడు తీసుకుని గీకాను. మెల్లగానే గీకాను. నా గీత పోతే చాలు, అడుగున వాడిది మిగులుతుంది అనుకున్నాను. నా కళ్లకు పొర గదా. కాగితం చిల్లు పడింది. నేను రాసిన గోయింగ్ పోయింది. దాని కింద వాడు రాసిన కమింగ్ కూడా పోయింది.

మిగతా ఆరూ ముట్టుకోలేదు.

విమలమ్మ